బుట్ట అల్లిన చేతుల చరిత్ర

(మన సాంస్కృతిక సదస్సులో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం బుట్టల అల్లిక చరిత్ర. ఈ అంశం ఎందుకు అవసరమో ముందు ఒక్క మాటలో చెబుతాను. మనలో చాలామంది పిల్లలు కాలేజీలో "మీవాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగితే "వ్యవసాయం" అంటారు, "కూలి పని" అంటారు. "మా తాత బుట్టలు అల్లుతాడు" అని చెప్పడానికి మాత్రం నోరు రాదు. తప్పు ఆ పిల్లలది కాదు. ఆ మాట అన్నప్పుడు ఎదుటివాళ్ళ ముఖంలో కనిపించే మార్పు వాళ్ళకు తెలుసు. కానీ ఆ సిగ్గు మన ఇంట్లో పుట్టింది కాదు, బయటి నుంచి తెచ్చి మన మీద వేసింది. అది ఎప్పుడు, ఎలా పడిందో తెలుసుకుంటే దాన్ని దులిపేసుకోవడం తేలిక. అందుకే ఈ చరిత్ర.

కుండ కంటే ముందు

మనిషి చేసిన వస్తువుల్లో బుట్ట చాలా పాతది. మట్టి కుండ భూమిలో వేల ఏళ్ళు ఉంటుంది కాబట్టి తవ్వితే దొరుకుతుంది. బుట్ట మట్టిలో కలిసిపోతుంది. అందుకే పాఠ్యపుస్తకాల్లో కుండ పెంకుల బొమ్మలు ఉంటాయి కానీ బుట్టల బొమ్మలు అరుదు. అయినా నేల బాగా పొడిగా ఉన్న చోట్ల కొన్ని ఆనవాళ్ళు మిగిలాయి. ఈజిప్టులోని ఫాయూం ప్రాంతంలో ఆరు వేల ఏళ్ళు దాటిన ధాన్యపు పాతర్లు దొరికాయి. ఆ గుంతల లోపలి గోడకు అల్లిన బుట్టలాంటి అస్తరు వేసి, అందులో గింజలు దాచేవారు. ఇప్పటి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో మెహర్‌గఢ్ అనే పురాతన స్థలం ఉంది. అక్కడ కుండలు ఇంకా రాని కాలపు పొరల్లోనే తారులాంటి పదార్థం పూసిన బుట్టలు వాడినట్టు తేలింది. అంటే మన ఉపఖండంలో గింజ పండించడం నేర్చుకున్న తొలి రోజుల్లోనే, ఆ గింజను దాచే బుట్ట కూడా ఉంది.

గుడ్డ నేయడానికి మరమగ్గం వచ్చింది. కుండకు బదులు స్టీలు బిందె వచ్చింది. వెదురు బుట్ట మాత్రం నేటికీ చేత్తోనే అల్లాలి. మీరు విమానాశ్రయంలో ఖరీదైన వెదురు బుట్ట చూసినా, సంతలో కోళ్ళ గంప చూసినా, దాని వెనక ఉన్నవి రెండు చేతులే.

మన పేర్లలోనే మన పని

తెలుగు నేల మీద అల్లిక పని చేసేది మనం ఒక్కరమే కాదు. మేదరులు తరతరాలుగా వెదురు పనిలో ఉన్నారు. ఆదిలాబాద్ కొండల్లో కొలాములు వెదురు బుట్టలు, తడికలు అల్లుతారు. గోదావరి ఒడ్డు కొండరెడ్లకు వెదురు లేనిదే ఇల్లు లేదు. యానాదులు చేపలు పట్టే బుట్టలు అల్లుకుంటారు. వీళ్ళందరూ మనకు పనిలో బంధువులు. ఈరోజు నేను ఎరుకల వారి సంగతి ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే మన కథ మనం చెప్పుకోకపోతే ఇంకొకరు వాళ్ళకు తోచినట్టు చెబుతారు. ఇప్పటికే చెప్పారు కూడా.

మనల్ని తెలుగులో ఎరుకల అంటారు. తమిళ సీమలో కొరవ, కన్నడ సీమలో కొరమ, కొరచ అంటారు. మన ఇంటి భాషను కుర్రు అనీ, కులవాత అనీ పిలుచుకుంటాం. అది ద్రావిడ భాష, తమిళానికి దగ్గర. మనలో ఉన్న శాఖల పేర్లు ఒకసారి వినండి. దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచపురి ఎరుకల, ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, పరికముగ్గుల ఎరుకల. దబ్బ అంటే వెదురును చీల్చిన బద్ద. ఈత పుల్లలతో బుట్టలు అల్లేవారు ఈతపుల్లల వారు. నేతగాళ్ళు పడుగుకు గంజి పట్టించే కుంచెలు కట్టేవారు కుంచపురి వారు. సముద్రపు ఉప్పును లోపలి ఊళ్ళకు చేర్చినవారు ఉప్పు ఎరుకల. ఈ పేర్లు ఒక్కొక్కటీ ఒక్కో పనిని చూపిస్తాయి. దొంగతనం పేరుతో మనం పెట్టుకున్న శాఖ ఒక్కటీ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ అవసరమవుతుంది.

ఊరి బతుకంతా బుట్టలోనే

పాత కాలపు పల్లెలో బుట్ట లేకుండా ఏ పని జరిగిందో చెప్పండి చూద్దాం. పొలానికి పెంట మోయడానికి తట్ట కావాలి. కల్లంలో చెరగడానికి చేట, జల్లించడానికి జల్లెడ, కొలిచి మోయడానికి గంప కావాలి. ధాన్యం దాచడానికి గాదె, తెలంగాణలో అయితే గుమ్మి. మనిషి ఎత్తును మించిన ఆ గుమ్మిని వెదురుతో అల్లి, పేడ, మట్టి కలిపి లోపలా బయటా అలికేవారు. గాలి ఆడుతుంది, పురుగు తక్కువ. కోళ్ళకు గంప, మేక పిల్లలకు గూడు, పూలకు సజ్జ, అన్నం వార్చడానికి సిబ్బి, ఇంటికి తడిక, వేసవికి విసనకర్ర. కృష్ణ, తుంగభద్ర నదులను దాటించిన పుట్టి కూడా ఒక పెద్ద బుట్టే. వెదురుతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు బిగించి, దాన్ని పడవ చేశారు.

పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టే ఆచారం ఎన్నో కులాల్లో ఉంది. పెళ్ళికూతురిని మేనమామ గంపలో కూర్చోబెట్టి మండపానికి తెస్తాడు. నోములకు వాయనం ఇచ్చేది చేటలో. చివరి ప్రయాణానికి కట్టే పాడె కూడా వెదురుదే. మనల్ని గడప బయట నిలబెట్టిన ఇళ్ళలో కూడా మన చేతి పని మాత్రం దేవుడి గది దాకా వెళ్ళింది.

తెలుగు భాష చూడండి. గంపెడాశ అంటారు. మొత్తంగా బేరం చేస్తే గంపగుత్త. సామాను సర్దుకుంటే తట్టాబుట్టా సర్దుకోవడం. అర్జీని పట్టించుకోకుండా పారేస్తే బుట్టదాఖలు. మాటలతో ఒప్పిస్తే బుట్టలో వేసుకోవడం. పోలీసులు ఊరంతా గాలిస్తే జల్లెడ పట్టడం. సంతోషం వస్తే మొహం చేటంత అవుతుంది. మన పని తెలియని తెలుగువాడు కూడా రోజూ మన సామానుతోనే మాట్లాడుతున్నాడు.

మన ఆడవాళ్ళ చేతిలో బుట్టకు ఇంకో పని కూడా ఉంది. ఎరుక చెప్పే ఎరుకలసాని చంకన బుట్ట, చేతిలో కర్ర పట్టుకుని ఊరూరా తిరిగింది. పద్మావతి కోసం శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్ళాడని తిరుమల కథ చెబుతుంది. యక్షగానాల్లో ఎరుకలసాని తప్పనిసరి పాత్ర అయింది. రాజు అంతఃపురంలోకి కూడా అడ్డు లేకుండా వెళ్ళగలిగిన ఆడమనిషిగా ఆమెను జనం ఊహించుకున్నారంటే, ఆ రోజుల్లో ఆమె మాటకు ఎంత గౌరవం ఉండేదో ఆలోచించండి.

అల్లికలో ఉన్న చదువు

"బుట్ట అల్లడానికి చదువు ఎందుకు?" అంటారు. చదువు అందులోనే ఉంది. వరసగా చెబుతాను వినండి.

మొదటిది వెదురును ఎంచుకోవడం. మన అడవుల్లో ముఖ్యంగా రెండు రకాలు. ముళ్ళ వెదురు బొంగు లావు, లోపల డొల్ల. సాధన వెదురు సన్నం, గోడ మందం, గట్టిది. ఏ వస్తువుకు ఏది పనికొస్తుందో కంటితోనే చెప్పాలి. ఏడాది కూడా నిండని లేత బొంగు కోస్తే ఆరాక ముడుచుకుపోతుంది, పురుగు పడుతుంది. బాగా ముదిరితే చీల్చేటప్పుడు విరుగుతుంది. రెండు మూడేళ్ళ వయసు బొంగు కావాలి. రంగు చూసి, కణుపు చూసి, తట్టి చప్పుడు విని పెద్దలు వయసు చెబుతారు. వానలు వెళ్ళాక కోయాలంటారు. వెదురులో పిండి పదార్థం, తీపి తక్కువగా ఉన్నప్పుడు కోస్తే పుప్పి పురుగు అంతగా ఆశించదని నేటి శాస్త్రం చెబుతుంది. మనవాళ్ళు కారణం రాసి పెట్టలేదు కానీ కాలం మాత్రం పాటించారు.

రెండోది చీల్చడం. బొంగును ఎప్పుడూ సగానికి సగం చీలుస్తారు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఒక పక్కన సన్నగా, ఇంకో పక్కన లావుగా చీలిస్తే కత్తి సన్న వైపు జారిపోయి దబ్బ మధ్యలో తెగుతుంది. అలా జారుతున్నప్పుడు లావుగా ఉన్న వైపును కాస్త ఎక్కువ వంచితే చీలిక మళ్ళీ మధ్యకు వస్తుంది. ఇది చెబితే రాదు, చేతికి తెలియాలి. తరవాత పై తొక్క దబ్బను, లోపలి దబ్బను వేరు చేస్తారు. పై దబ్బ నునుపు, బలం. బరువు మోసే చోటికి, అంచుకు అది. లోపలిది మెత్తన, ముతక పనికి అది. ఎండితే నీళ్ళలో నానబెట్టి మళ్ళీ వంగేలా చేస్తారు.

మూడోది లెక్క. గుండ్రని బుట్టను ఒకే దబ్బతో చుట్టూ అల్లుతూ పోవాలంటే నిలువు దబ్బల సంఖ్య బేసి ఉండాలి. ఎందుకు? ఒకదాని పైనుంచి, పక్కదాని కిందనుంచి పోతుంది కదా అల్లిక. నిలువులు సరి సంఖ్యలో ఉంటే, ఒక చుట్టు పూర్తయ్యాక మొదట పైనుంచి వెళ్ళిన దబ్బ మీదుగానే మళ్ళీ పైనుంచి పోతుంది. అల్లిక కలవదు, బుట్ట నిలవదు. బేసి అయితే ప్రతి చుట్టుకూ పైది కిందికి, కిందది పైకి మారుతుంది. అడుగున అడ్డంగా, నిలువుగా వేసిన దబ్బల కొనలు పైకి లేచేసరికి సరి సంఖ్యే వస్తుంది. అప్పుడు మన అవ్వ ఏం చేస్తుంది? ఒక దబ్బను కొనదాకా రెండుగా చీల్చి లెక్కను బేసి చేస్తుంది. బడికి వెళ్ళని అవ్వకు సరి, బేసి ఎవరు చెప్పారు? ఆమె అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది.

నాలుగోది వస్తువును బట్టి అల్లిక. చేటలో గింజ జారకూడదు, అందుకే సందు లేకుండా రెండేసి దబ్బల మీదుగా ఏటవాలు వరసలో అల్లుతారు. ఒక వైపు తెరిచి, మిగతా వైపుల అంచు లేపుతారు. చెరిగినప్పుడు పొట్టు ముందుకు ఎగిరిపోవాలి, గింజ వెనక్కి రావాలి. ఆ వంపు కాస్త తప్పినా చేట పనికిరాదు. జల్లెడకు సందు కావాలి, అన్ని సందులూ ఒకే కొలత కావాలి. కోళ్ళ గంపకు గాలి ఆడాలి, పిల్లి చేయి దూరకూడదు. ప్రతి వస్తువు వెనకా ఇలాంటి ఆలోచన ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరు డిజైన్ అనే మాటకు చెప్పే అర్థం ఇదే కదా?

దారి ఎక్కడ తెగింది

ఇంత పనితనం ఉన్న మనుషులకు నింద ఎలా వచ్చింది? ఇది జాగ్రత్తగా వినండి.

మనవాళ్ళు ఒకచోట కూర్చుని అల్లినవారు మాత్రమే కాదు. ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పు వేసుకుని లోపలి జిల్లాలకు వెళ్ళేవారు. అక్కడ ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చేవారు. దారిలో అడవి తగిలితే వెదురు కోసుకుని, మజిలీలో బుట్టలు అల్లి, వచ్చే ఊళ్ళో అమ్మేవారు. ఉప్పు, బుట్ట, ఎరుక, ఈ మూడూ కలిస్తే ఒక సంసారం. ఒకటి తగ్గిన రోజు ఇంకొకటి ఆదుకునేది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1856లో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. తరవాతి దశాబ్దాల్లో ఉప్పు, ధాన్యం రైలెక్కాయి. ఎడ్ల మీద ఉప్పు మోసేవాడి పని పోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వు అయ్యాయి. నిన్నటిదాకా కోసుకున్న వెదురు సర్కారు సొత్తు అయింది, అనుమతి లేకుండా కోస్తే నేరం అయింది. నిజాం ఏలుబడిలోనూ అడవులు రిజర్వు అయ్యాయి. అంటే ఒక తరం లోపల ఉప్పూ పోయింది, వెదురూ పోయింది. పొట్ట మాత్రం అలాగే ఉంది.

అప్పుడు మూడో దెబ్బ పడింది. 1871లో ఉత్తరాదిన తెచ్చిన నేరస్త తెగల చట్టాన్ని 1911లో మార్చి రాసి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలు చేశారు. దాని ప్రకారం ఒక మనిషి నేరం చేసినట్టు రుజువు కానక్కర్లేదు, ఫలానా తెగలో పుట్టడమే చాలు. పేర్లు నమోదు చేశారు, వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే పాసు, ఊళ్ళో ఉంటే హాజరు. తిరిగి అమ్ముకుంటేనే బతికే వాళ్ళను తిరగొద్దన్నారు. బుట్టలు నెత్తిన పెట్టుకుని పక్క ఊరి సంతకు వెళ్ళడం కూడా అనుమానించదగ్గ పని అయింది. సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా వెలిసింది. సీతానగరం, కావలి, కప్పరాళ్ళతిప్ప కూడా ఆ కాలపు సెటిల్‌మెంట్లే. అల్లిక తెలిసిన చేతులను రాళ్ళ క్వారీలకు, పొలాలకు, చీరాల పొగాకు కంపెనీకి కూలికి పంపారు.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే అధికారి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు ప్రచురించాడు. అందులో కొరవ అనే పేరు కింద మన గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. అవి చదవండి, కానీ ఒక ప్రశ్న పక్కన పెట్టుకుని చదవండి. ఉప్పు, బుట్ట, కుంచె, కరివేపాకు అని తమ శాఖలకు పేర్లు పెట్టుకున్న జనానికి, నేరం పేరు ఎవరు పెట్టారు? మన పేర్లు మనం పెట్టుకున్నవి. నేరస్త తెగ అనే పేరు ప్రభుత్వం పెట్టింది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజునే మనం విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. చట్టం పోయింది కానీ చూపు పోలేదు. మొదట్లో నేను చెప్పిన సిగ్గు అక్కడిది. తాత బుట్ట చూసి సిగ్గుపడుతున్నామంటే, 1911 చట్టం ఇంకా మన లోపల అమలులో ఉందన్నమాట.

స్వరాజ్యం వచ్చాక

వెదురు కథ స్వాతంత్ర్యంతో మారిపోలేదు. 1927 భారత అటవీ చట్టం వెదురును చెట్టు అనే నిర్వచనంలో చేర్చింది. నిజానికి వెదురు గడ్డి జాతి. చెట్టు అన్నారు కాబట్టి కోయడానికి, రవాణాకు అనుమతులు కావాలి. మరోపక్క వెదురు గుజ్జుతో కాగితం చేసే పరిశ్రమకు 1925లోనే చట్టం చేసి రక్షణ ఇచ్చారు. రాజమండ్రిలో, సిర్పూర్ కాగజ్‌నగర్‌లో కాగితపు మిల్లులు వచ్చాయి. మిల్లులకు వెదురు లారీల్లో వెళ్ళింది, మనకు మోపు వెదురు కోసం తిరగడం మిగిలింది.

ఆ తరవాత ప్లాస్టిక్ వచ్చింది. టమాటాకు, మామిడికి వెదురు బుట్ట బదులు ప్లాస్టిక్ ట్రే వచ్చింది. వరికోత యంత్రం వచ్చాక కల్లం లేదు, కల్లం లేకపోతే చేటతో పని తక్కువ. గోనె సంచి, గోదాము వచ్చాక గుమ్మి అవసరం పోయింది. ఇది ఎవరి కుట్రా కాదు, కాలం మారింది. కానీ ఒక సంగతి చూడండి. మన బుట్ట ఓడిపోయింది పనితనంలో కాదు. సరుకు దొరక్క, దొరికినా ధర ఎక్కువై, అమ్మితే కూలి గిట్టక ఓడిపోయింది. ఈ మూడింటికీ ఈరోజు కొన్ని దారులు ఉన్నాయి. మీలాంటి చదువుకున్నవాళ్ళు పూనుకుంటేనే అవి మన గడప దాకా వస్తాయి.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

మొదటిది, 2006 అటవీ హక్కుల చట్టం. ఇందులో వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తి అని స్పష్టంగా రాశారు. సంప్రదాయంగా సేకరించుకునే అటవీ వాసులకు దాన్ని తీసుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చారు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మేండా లేఖా అనే గోండు గ్రామం ఉంది. ఆ గ్రామసభ సామూహిక అటవీ హక్కు సంపాదించి, 2011లో తన వెదురును తానే అమ్ముకునే రవాణా పాసులు చేతిలోకి తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి పట్టు వదలకపోతే సాధ్యమైంది. అడవిని ఆనుకుని ఉన్న మన గూడేలు, కొలాం, కోయ, కొండరెడ్డి సోదరుల గ్రామసభలు ఈ చట్టం చదవాలి.

రెండోది, 2017 సవరణ. మనలో ఎక్కువ మంది మైదాన ఊళ్ళలో ఉంటాం, అడవి దగ్గర లేదు. అడవి కాని నేలలో పెరిగే వెదురును ఆ సవరణ చెట్టు నిర్వచనం నుంచి తీసేసింది. సొంత చేనులో, గట్టు మీద వెదురు పెంచి కోసుకోవడానికి పాత అటవీ చట్టం అడ్డు లేదు. నాలుగు కుటుంబాలు కలిసి గట్ల మీద వెదురు నాటుకుంటే, కొన్నేళ్ళలో సరుకు కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. జాతీయ వెదురు మిషన్ ఇందుకోసమే ఉంది.

మూడోది, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం. అందులో 18 రకాల చేతి పనులు ఉన్నాయి, బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవారు వాటిలో ఒకరు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, మొదటి విడత లక్ష, రెండో విడత 2 లక్షల రూపాయల వరకు 5 శాతం వడ్డీకి అప్పు. 18 ఏళ్ళు నిండాలి, కుటుంబానికి ఒక్కరికే. మన అమ్మకు, పిన్నికి ఇది తెలియదు. ఫారం నింపడం మీకు పది నిమిషాల పని.

నాలుగోది, 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. పెళ్ళిళ్ళలో, గుళ్ళలో, హోటళ్ళలో మళ్ళీ వెదురు, ఈత వస్తువులు అడుగుతున్నారు. అడిగేవాళ్ళు ఉన్నారు, అల్లేవాళ్ళు ఉన్నారు. మధ్యలో ఫోను పట్టుకుని నిలబడే మనిషి కావాలి. ఆ మనిషి మీలోంచి రావాలి.

మీకు నాలుగు పనులు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అందరూ చదువు మానేసి బుట్టలు అల్లండి అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళను నమ్మకండి కూడా. మీరు డాక్టర్లు కావాలి, టీచర్లు కావాలి, కలెక్టర్లు కావాలి. తెలంగాణలోని మనవాళ్ళకు 1976 చట్ట సవరణతో గానీ షెడ్యూల్డ్ తెగల గుర్తింపు రాలేదు. అంత కష్టపడి వచ్చిన అవకాశాన్ని ఒక్కటి కూడా వదులుకోవద్దు. అయితే నేను అడిగేవి నాలుగు చిన్న పనులు.

ఒకటి, ఈ సెలవుల్లో మీ ఇంట్లో అల్లడం తెలిసిన పెద్దమనిషి పక్కన కూర్చుని, కనీసం ఒక్క బుట్ట అడుగు నుంచి అంచు దాకా మీ చేత్తో అల్లండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు.

రెండు, ఆ పెద్దమనిషి పని చేస్తుండగా ఫోనులో వీడియో తీయండి. మొహం కంటే చేతులు బాగా కనిపించాలి. బొంగు ఎంచుకోవడం నుంచి తీయండి. ప్రతి వస్తువుకూ, ప్రతి పనికీ మన కులవాతలో ఏమంటారో అడిగి, వాళ్ళ గొంతుతోనే రికార్డు చేయండి. మన భాషకు సొంత లిపి లేదు. ఆ మాటలు వాళ్ళ గొంతులోనే ఉన్నాయి. వాళ్ళు పోతే మాటా పోతుంది.

మూడు, ఒక గంపకు ఎంత వెదురు పట్టింది, ఎన్ని గంటలు పట్టింది, ఎంతకు అమ్మారు, ఇవి కాగితం మీద రాయండి. ఊళ్ళో రోజు కూలితో పోల్చి చూడండి. సంతలో బేరమాడి సగానికి ఇచ్చినప్పుడు అమ్మ ఎన్ని గంటల కష్టాన్ని ఊరికే ఇచ్చేసిందో మీకే తెలుస్తుంది. ధర చెప్పడం అక్కడ నేర్చుకోవాలి. అన్ని ఊళ్ళ లెక్కలు సంఘానికి పంపితే, అధికారుల దగ్గరికి ఉత్త చేతులతో కాకుండా లెక్కలతో వెళ్ళవచ్చు.

నాలుగు, ఎవరైనా "మీవాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగితే ఉన్నది చెప్పండి. ఆ అడిగినవాళ్ళ అమ్మమ్మ పెళ్ళికూతురై కూర్చున్న గంప కూడా ఏదో ఒక అల్లే చేతి నుంచే వచ్చిందని నవ్వుతూ గుర్తు చేయండి.

అల్లిక తెలిసిన చేతులు ఇవాళ ఎక్కువగా అరవై దాటినవారివి. వాళ్ళు మనకు ఎప్పటికీ ఉండరు. అడవికి మళ్ళీ మొక్క వేయవచ్చు, చట్టాన్ని మళ్ళీ మార్చుకోవచ్చు. చేతిలో ఉన్న విద్య మాత్రం ఒక తరం మధ్యలో వదిలేస్తే తరవాతి తరానికి నేర్పేవారు ఉండరు. అందుకే రేపటికి వాయిదా వేయకండి. ఇంటికి వెళ్ళగానే అవ్వను అడగండి, నిలువు దబ్బలు ఎన్ని వేయాలి అని. ఆమె ఏం చెబుతుందో వినండి.

మన తల్లి ఎరుకల నాంచారమ్మ మీ అందరినీ చల్లగా చూడాలి.